ఒళ్ళు తెలిసిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం అమ్మవారి పందిట్లో నాకు ఒళ్ళు తెలియలేదని అందరూ అంటారు. నిజానికి అంతగా ఒళ్ళు తెలిసిన రోజు నాకు మరొకటి లేదు. ఈ మాట అమ్మకు కూడా చెప్పలేదు.

కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్ళు ఏటా ఎండాకాలంలో అమ్మవారి పండగ చేస్తారు. ఆడవాళ్ళు బిందెలో పసుపునీళ్ళు పోసి, వేపమండలు పెట్టి, నెత్తిన మోసుకెళ్ళి అమ్మవారి ముందు కుమ్మరిస్తారు. దాన్ని ముర్రాట అంటారు. ఈ ఏడు అమ్మకు నడుంనొప్పి రావడంతో బిందె నా నెత్తికెక్కింది. పదిమంది చూస్తుంటే నాకు కాళ్ళు తడబడతాయి. తల దించుకుని వరసలో నిలబడ్డాను.

డప్పులు ఆగాయి. బిందె అంచు నుంచి జారిన చుక్క మెడ మీదుగా వీపులోకి దిగుతోంది. అది ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తోంది. యార్డులో రైలుపెట్టెలు తగులుకుంటున్న చప్పుళ్ళు దేనికది విడిగా వినిపిస్తున్నాయి. వేపాకు వాసన, కర్పూరం వాసన, ముందు నిలబడ్డావిడ చీరలోని గంజివాసన ఒకదాంట్లో ఒకటి కలవకుండా వస్తున్నాయి. భయం లేదు. సిగ్గు కూడా లేదు. ఎందుకో కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. కదలబుద్ధి కాలేదు.

"ఓలమ్మో, అమ్మోరు వొచ్చీసింది!" అని ఎవరో అరిచారు.

నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు, హారతి వెలిగించారు. పక్క క్వార్టరు పిన్ని నా ముందు కూలబడింది. ఆవిడకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఆపరేషన్‌కు డాక్టరు తేదీ కూడా ఇచ్చేశారు.

"తల్లీ, కోయించుకోమంటావా, వొద్దంటావా?" అని అడిగింది.

అది కూడా స్పష్టంగా వినిపించింది. నాకేం తెలుసు?

"అమ్మోరికి ఇష్టం లేదే. మాటాడ్డం లేదు, సూడు," అంది మా నాన్నమ్మ వెనక నుంచి. నాన్నమ్మ మాటకు అక్కడ ఎదురుండదు. పిన్ని ఆపరేషన్ మానుకుంది.

నొప్పి వచ్చినప్పుడల్లా గోడ అవతల నుంచి ఆవిడ మూలుగు వినిపించేది. వెళ్ళి, ఆ రోజు నా మీదికి వచ్చింది అమ్మవారు కాదని చెప్పాలనుకునేదాన్ని. మరి వచ్చిందేమిటంటే ఏం చెప్పను? దానికో పేరు కావాలి. పూనకంలో మనిషి తనను తాను మరిచిపోతుందంటారు. నాకు వీపు మీది చుక్క కూడా గుర్తుంది. స్పృహ అంటే ఆసుపత్రి మాటలా ఉంది, పోయినప్పుడే దాన్ని తలుచుకుంటారు. ఎరుక అన్నది పుస్తకంలో బాగుంటుంది గాని, నా నోటితో అంటే నాకే నవ్వొస్తుంది. ఆఫీసులో ఒకసారి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పెట్టి, ఎండుద్రాక్ష ఒకటి ఇచ్చి చాలాసేపు నమలమన్నారు. నాకు ద్రాక్ష తీపి తప్ప ఏమీ తెలియలేదు.

హౌరాలో లాంచీ ఎక్కి నది దాటుతున్నప్పుడు, నాతో పనిచేసే బెంగాలీ అమ్మాయిని నా స్నేహితురాలికి జరిగినట్టు చెప్పి, దాన్నేమంటారని అడిగాను. "ఘోర్" అంది. మత్తు అని అర్థం. "ఎండలో గొడుగు వేసుకోమను మీ స్నేహితురాలిని," అని కూడా అంది. నిజంగా ఎండదెబ్బేనా? లేక నాన్నమ్మ చెప్పిందే నిజమా? అమ్మవారు వస్తే ఎలా ఉంటుందో నాకు మాత్రం ఏం తెలుసు?

నిన్న పొద్దున మూలుగు మళ్ళీ వినిపించింది. ఈసారి ఆగేలా లేదు. పేరు దొరక్కుండానే వెళ్ళాను. పొట్ట పట్టుకుని మంచం మీద కూర్చున్న పిన్ని, నన్ను చూసి చేతులు జోడిస్తూ లేవబోయింది.

"లేవకు పిన్నీ. ఆ రోజు నాకు తెలివుంది. నువ్వడిగింది విన్నాను. జవాబు తెలీక ఊరుకున్నాను."

"మరి ఆ ఏడుపేటి?"

"తెలీదు."

"కొయ్యలాగ నిలబడిపోయావు కదే!"

"అదీ తెలీదు. అన్నీ వినిపించాయి పిన్నీ, మామూలు కంటే ఎక్కువగా. దాన్నేమంటారో తెలీట్లేదు."

పిన్ని జోడించిన చేతులు విడదీసి, పక్కన చోటు చూపించింది.

"అయితే రేపు డాక్టరు కాడికి నువ్వే నాతో రా. ఆయన బెంగాలీలో గబగబా ఏటేటో సెప్పేస్తాడు, నాకు సగం బుర్రకెక్కదు. నువ్వయితే అంతా ఇంటావు."