రెబెకా స్వరానికి ఒక మెట్టు

నల్లమాడ బస్టాండు వెనక సందులో వీరేష్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు తీగె మళ్ళీ చుట్టి ఇవ్వడం అతని పని. పక్క బల్ల మీద ఎప్పుడూ ఒక హార్మోనియం పెట్టె విప్పి ఉంటుంది. ఆ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు. పదిహేనేళ్ళ కిందట ఎలుకలు కొరికిన భజన పెట్టెకు తిత్తి మార్చబోయి, లోపలి ఇత్తడి రీడ్లు చూశాడు. కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. మూడు రీడ్లు పాడుచేసుకున్నాక ఆ సంగతి తెలిసింది.

కూలికి పోయే రెబెకా ముప్పై ఏళ్ళుగా చర్చిలో ముందు పాడే మనిషి. చేలో కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడుకునే వరసల్లోనే ఆమె దేవుడి పాటలు కట్టుకుంది. రెండేళ్ళ కిందట చర్చికి కీబోర్డు వచ్చింది. దాన్ని వాయించే జయచంద్ర మంచివాడే గాని మాట దాచుకోలేడు.

“పెద్దమ్మా, నీ స్వరం ఈ రెండు మెట్ల నడమ పడతాండాది. ఆడ మెట్టే లేదు” అన్నాడు.

మరుసటి ఆదివారం నుంచి రెబెకా వెనక వరసలో కూర్చుంది. పాడటం మానేసింది.

చర్చి మైకు బాగుచేయడానికి పోయిన వీరేష్‌కు ఈ సంగతి తెలిసింది. మెట్టు లేకపోతే పెట్టుకోవాలి గాని మనిషి నోరు మూయించడం అతనికి నచ్చలేదు. ఆమె కోసం కొత్త హార్మోనియం పెట్టె చేయాలని వారం రోజులు అట్టముక్కల మీద గీతలు గీశాడు. నల్లమెట్టు ఒక్కొక్కటి అడ్డంగా రెండుగా కోయాలి. ముందు సగం నొక్కితే స్వరం కాస్త తగ్గి పలకాలి, వెనక సగం కాస్త పెరిగి పలకాలి. అంటే రీడ్లు ఎక్కువ కావాలి, గాలి పోయే దారులు ఎక్కువ కావాలి, టేకు పలక కావాలి. మొత్తం ముప్పై వేలు.

జయచంద్రే ముందుకొచ్చి ఫోన్లో చందాల పేజీ ఒకటి తెరిచాడు. నెల తిరిగినా ఊరుగాని ఊళ్ళ నుంచి పన్నెండు మందే పంపారు. అప్పుడు పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని చదివింపులు చదివే వెంకటప్ప దారి చెప్పాడు.

“చదివింపులు పెట్టండప్పా. మనోళ్ళకు మైకులో పేరు వినపడల్ల, అప్పుడే దుడ్లు తీస్తారు.”

“పెండ్లి లేకుండా చదివింపులేందన్నా?”

“పెట్టెకే పెండ్లి అనుకో.”

దుకాణం ముందు షామియానా వేశారు. వచ్చినవాళ్ళకు ఉగ్గాని, బజ్జీ పెట్టారు. వెంకటప్ప ఒక్కో పేరూ సాగదీసి చదివాడు. వడ్రంగి లింగన్న డబ్బుకు బదులు పాత టేకు తలుపు మోసుకొచ్చాడు, దాన్నీ చదివారు. పొద్దు వాలేసరికి పెట్టెకు కావలసింది సమకూరింది.

రెండు నెలలకు పెట్టె తయారైంది. రెబెకాను దుకాణంలో కుర్చీ వేసి పాడించారు. పాటా పెట్టే ఒకటైపోయాయి. చందా ఇచ్చినవాళ్ళందరినీ ఆదివారం చర్చికి పిలిచారు.

ఆ రోజు జయచంద్ర పెట్టె వాయిస్తుంటే రెబెకా కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. రెండో చరణంలో స్వరం పెట్టెతో కలవక రాసుకుంది. ఆమె ఆగి, తలవంచుకుని పోయి మళ్ళీ వెనక వరసలో కూర్చుంది.

సాయంత్రం వీరేష్ ఆమె ఇంటికి పోయి, దుకాణంలో ఎట్లా కుదిరిందని అడిగాడు.

“అంతమంది దుడ్లు పెట్టినారు కదప్పా. పెట్టె చెప్పినట్ల పాడకుంటే బాగుంటాదా? దాని తట్టుకే నేను పోయినా.”

మర్యాద కోసం ఆమె స్వరం వంచింది. అతను ఆ వంగిన స్వరానికే రీడ్లు గీకాడు. తప్పు ఎక్కడుందో తెలిశాక వీరేష్‌కు దిగులు సగం పోయింది.

మరునాడు పెట్టె దుకాణంలోనే వదిలేసి, జేబులో కొత్త రీడ్లు, చిన్న బ్లేడు పెట్టుకుని చేనికి పోయాడు. వేరుశనగలో ఆడవాళ్ళు వరసగా కలుపు తీస్తున్నారు. చేలో రెబెకా మానలేదు, పాడుతూనే ఉంది. అతను వెనక గట్టు మీద కూర్చుని రీడు పెదాలకు ఆనించి సన్నగా ఊదాడు. గీకాడు, ఊదాడు. ఆమె స్వరంలో రీడు మోత కలిసి, రెండూ వేరుగా వినపడకుండా పోయేదాకా గీకాడు. మూడు రోజులకు ఏడు రీడ్లు కుదిరాయి. మూడో రోజు ఆమె వెనక్కి తిరిగి చూసింది.

“ఏమప్పా, పని లేదా నీకు?”

“ఇదే పని అక్కా.”

ఆ రీడ్లు పెట్టెలో బిగించి, వచ్చే ఆదివారం ఇంకోసారి పాడమని ఆమెను బతిమాలాడు. పెట్టె మాట వినొద్దు, పెట్టే నీ మాట వింటుందని చెప్పాడు. ఆదివారం జయచంద్ర కీబోర్డు పక్కన పెట్టి, కోసిన మెట్ల మీద వేళ్ళు ఉంచి ఆమె కోసం కాచుకున్నాడు. రెబెకా మొదటి చరణం భయంగా పాడింది. రెండో చరణంలో స్వరం నడిమికి పోయింది. అక్కడ మెట్టు ఉంది. ఆమె కళ్ళు తెరిచి పెట్టెను చూసి, నవ్వు ఆపుకోలేక, ఆ ఒక్క చరణాన్నే ఐదుసార్లు పాడింది.

బయటికొచ్చాక, పెట్టెకు చదివించినవాళ్ళలో ఒకడైన కుళ్ళాయప్ప వీరేష్ చేయి పట్టుకున్నాడు. వచ్చే బేస్తవారం తన మనవరాలికి పేరు పెడుతున్నారట, పెట్టె రావాలట. అతని వెనక లింగన్న, ఆ వెనక ఇంకో పదిమంది. చదివింపు తీసుకున్నవాడు ఎదుటివాళ్ళ ఇంటి కార్యానికి తిరిగి పెట్టాలి కదా. ఆ సంగతి షామియానా వేసిన రోజున వీరేష్‌కు తట్టనే లేదు. ఆ రోజు చదివించినవి యాభై మూడు ఇళ్ళు. రెబెకా మాత్రం అప్పటికే కొంగు దోపుకుంది.

ఇప్పటికి పంతొమ్మిది ఇళ్ళు అయ్యాయి. వీరేష్ బండి నడుపుతాడు, నడుమ పెట్టె, వెనక రెబెకా. మోటార్ల పని ఆలస్యమైతే రైతులు తిడతారు, ఆ రైతులే ఇంటికి రమ్మని పిలుస్తారు. ఊళ్ళో ఇళ్ళు అయిపోతే చాలనుకున్నాడు వీరేష్. చిలమత్తూరులో ఎవరో ఫోన్లో నూటపదహార్లు పంపిన సంగతి రెబెకా మరిచిపోలేదు.

“ఫోన్లో చదివింపు చదివింపు కాదా? వాళ్ళింట్లో ఏం కార్యం ఉండాదో అడుగు” అంది.