మామ దిగిన విమానం

మొన్న కోవిల్‌పట్టి నుంచి కయత్తారు వెళ్తుంటే మా బస్సు దారిలో ఆగిపోయింది. గాలిమర రెక్కను మోసుకుపోతున్న పొడుగాటి లారీ ఒకటి మలుపు తిరగలేక రోడ్డుకు అడ్డంగా నిలిచింది. అందరూ విసుక్కుంటున్నారు. నేను మాత్రం కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. రెక్కను బిగించిన ఇనుప తాళ్ళు ఎండకు కాగి, వాటికి పూసిన గ్రీజు వాసన గుప్పున వస్తోంది. కట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే వెనక ఒకటి వదులుగా కనిపించింది. దిగి డ్రైవరుకు చెప్పాను. "చూస్తా పాట్టీ" అన్నాడు, తమిళంలో అవ్వా అని పిలుస్తూ. చూశాడో లేదో తెలియదు. ఆ వాసన మాత్రం నన్ను వదల్లేదు. నలభై ఏళ్ళు వెనక్కి, సముద్రాల అవతల పాపువా న్యూగినీ కొండల్లో ఉన్న వరదరాజులు మామ దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టింది.

మా ఆయనకు అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టరు ఉద్యోగం దొరికితే వెంట వెళ్ళాను. ఆ కొండల్లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. వాలు మీద కాస్త గడ్డి నేల చదును చేసుకుంటారు. దాని మీద దిగే చిన్న విమానమే వాళ్ళకు బండి, బస్సు, లారీ అన్నీను. అలాంటి విమానాలు నడిపే ఒక చిన్న కంపెనీ షెడ్డులో సరుకుల తూకం రాసే పనికి నేను కుదిరాను. మొదటి రోజు తలుపు దగ్గర నిలబడి ఉండగా లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏ సన్నాసి కట్టినాడురా ఈ మూటను? చూస్తే బాలింతరాలి తలగుడ్డ మాదిరి ఉండాది!" అది మా ఇంటి తెలుగు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు విని నవ్వే తెలుగు. ఆ దేశంలో మా ఆయనకూ నాకూ తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

"మీది ఏవూరు మామా?" అని అడిగాను. మూటే మాట్లాడిందేమో అన్నట్టు ఆయన ముందు మూటకేసి, తర్వాత నాకేసి చూశాడు.

"విరుదునగరం పక్కన పల్లె. నీది?"

"కోవిల్‌పట్టి. మా నాయనది మగ్గం పని."

"నేత ఇంటి పిల్లవా! అట్లయితే నీకు ముడి తెలిసే ఉంటాది. ఇట్రా అమ్మణ్ణీ, ఈ సన్నాసి ముడి విప్పు."

వరదరాజులు మామతో నా పరిచయం, నా ఇంటర్వ్యూ రెండూ అంతటితో అయిపోయాయి.

విమానంలో ఏ సరుకు ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎలా కట్టాలి అన్నది మామ చెప్పాలి. పైలట్లు కూడా ఆయన మాట దాటేవాళ్ళు కారు. ఆయన నాయన ఎద్దుబండ్ల మీద పత్తి, మిరపకాయల మూటలు విరుదునగరం మండీకి తోలేవాడట. అక్కడి నుంచి ఈ కొండలకు ఎలా చేరారని నేను నాలుగుసార్లు అడిగాను. నాలుగు కథలు చెప్పాడు. ఒకటి ఇంకోదానితో పొసగదు. ఒకదాంట్లో ఓడ ఉంది, ఇంకోదాంట్లో లేనే లేదు. నిలదీస్తే, "యా కత బాగుంటే దాన్నే రాసుకో" అనేవాడు. బండి విషయంలో మాత్రం ఎప్పుడూ ఒకే మాట. "మూటలు ముందుకి జరిగితే ఎద్దు మెడ విరుగుతాది. ఎనక్కి జరిగితే కాడి పైకి లేచి గొంతు బిగుస్తాది. బండికైనా ఇమానానికైనా ఇరుసే గదా లెక్క!"

అందుకే ఆయన అందరినీ తూచేవాడు. బియ్యం, మేకులు, రేకులు సరే, మనుషులనూ వదలడు. ఒకసారి ఒక పెద్ద పాదిరీ కాటా మీదికి ఎక్కడానికి మొహమాటపడి తన బరువు నోటితో చెప్పారు. మామ చేతులు జోడించి, "దేవుడి దగ్గర మీ మాట చెల్లుతాది సామీ. గాలి దగ్గర చెల్లదు" అన్నాడు. నేను ఇంగ్లీషులో కాస్త మెత్తగా మార్చి చెప్పాను. ఆయన పకపకా నవ్వి ఎక్కారు. చెప్పినదానికన్నా తొమ్మిది కిలోలు ఎక్కువ! మేము మోసిన సరుకుల గురించి చెబితే మా వాళ్ళు ఇప్పటికీ నమ్మరు. బడి నల్లబల్లలు, గుడిసె కప్పంత పొడుగు రేకులు, వల సంచిలో పెట్టినా గురక మానని పంది. ఒక ఊరికి ఖాళీ నీళ్ళ ట్యాంకు పంపాల్సి వస్తే, దాని లోపల కోడిపిల్లల బుట్టలు పెట్టించాడు. "ఉత్తది తీసకపోతే గాలికి బాడుగ కట్టినట్టు" అన్నాడు. దారి పొడుగునా ట్యాంకు కిచకిచలాడిందని పైలట్ జోసెఫ్ వారం రోజులు చెప్పుకున్నాడు.

ఆయన దగ్గర నేను నిజంగా పాఠం నేర్చుకున్నది వంతెన తాడు వచ్చినప్పుడు. ఒక లోయలో నది మీద ఉన్న తీగల వంతెన అంతకుముందు వానల్లో కొట్టుకుపోయింది. బడి, మందులిచ్చే గది ఈ గట్టున, సగం ఊరు ఆ గట్టున. కొత్త వంతెనకు ఇనుప తాడు చెక్క చక్రానికి చుట్టుకుని మా షెడ్డుకు వచ్చింది. ఆ చక్రం విమానం తలుపులో పట్టదు. ఇంకో వారం పది రోజుల్లో వానలు పడతాయి. పడితే లోయలో గడ్డి నేల మెత్తబడి నెలల తరబడి విమానం దిగదు. లోయ పెద్ద మోసెస్ రెండు రోజులు నడిచి వచ్చి, ఆ చక్రం పక్కనే చాప పరుచుకుని కూర్చున్నాడు. మా మేనేజరు, "రెండు ముక్కలు చేసి రెండుసార్లు పంపుదాం" అన్నాడు. మోసెస్ కోపం తెచ్చుకోలేదు. "అతుకు తాడు మీద మీ పిల్లల్ని నడిపిస్తారా?" అని మాత్రం అడిగాడు. మేనేజరు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మామ తాడు చుట్టూ ఒక పూటంతా తిరిగాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అమ్మణ్ణీ, మీ ఈదిలో పొడుగు నూలును మెలిక పడకుండా ఎట్లా చుడతారు?" అని అడిగాడు. బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టేవాళ్ళమని చేత్తో చూపించాను. ఒక చుట్టులో పడ్డ మెలిక రెండో చుట్టులో విడిపోతుంది. ఆయన నా చేతినే చూస్తూ, "నడిమధ్యన దాటే తావ ఉబ్బుగా ఉంటాది గదా?" అన్నాడు. ఉంటుందన్నాను. "అదే మనకి ఇరుసు!" అని తొడ చరుచుకున్నాడు. బరువంతా చేరే ఆ ఉబ్బు సరిగ్గా విమానం తూగే చోట పడాలని ఆయన లెక్క. విమానంలో సీట్లన్నీ పీకించాం. ఆరుగురు మనుషులు చక్రం విప్పుతుంటే నేను వెనక్కి వెనక్కి నడుస్తూ నేల మీద ఎనిమిది అంకెలు పరిచాను. మొదట సుద్దముక్కతో విమానం నేల కొలత గీసుకుని, దాని మీద ఒకసారి చుట్టి చూసి, విప్పి, మళ్ళీ లోపల చుట్టాం. చేతులకు పట్టిన గ్రీజు ఆ నెలంతా పోలేదు.

అసలు చిక్కు తూకం వేశాక వచ్చింది. తాడు మూడు వందల ఎనభై కిలోలు. ఆ లోయలో దిగాలంటే పైలట్ కాక నాలుగు వందల ఇరవైకి మించకూడదు. మామ బరువు డెబ్భై ఆరు. తాడుతో పాటు వెళ్ళి అక్కడ విప్పించేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. ఒక్క చుట్టు తప్పుగా లాగితే ఇనుప తాడు పాములా లేస్తుంది, మడత పడితే ఇక వంతెనకు పనికిరాదు. అంత పెద్ద పని ఆయన ఎన్నడూ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. కాటా ముందు నిలబడి కాసేపు గడ్డం గీరుకున్నాడు. "ఈ సరుకులో పనికిరాని బరువు నేనొగడ్నే" అన్నాడు. నాకేసి తిరిగి, "ఎక్కు" అన్నాడు.

"నేనా? నేను ఒంటరిగా ఎప్పుడూ పోలేదు మామా."

"ఒంటరిగా ఏంది? జోసెఫ్ లేడా? ఎక్కు కాటా."

నలభై రెండు. రెండు కిలోలు ఎక్కువ. చెప్పులు తీయించాడు. స్వెట్టరు తీయించాడు. నా టిఫిను డబ్బా మోసెస్ చేతిలో పెట్టాడు. "పెరుగన్నం మామా!" అన్నాను. "ఈయప్ప తిననీలే" అన్నాడు. మోసెస్‌కు పెరుగన్నం నచ్చలేదని తర్వాత తెలిసింది.

విమానం కదిలే ముందు ఆయన వంద జాగ్రత్తలు చెబుతాడని ఎదురుచూశాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "కడా చుట్టు నేల మీద పడేదాకా తాడు నీది" అన్నాడు. అంతే. కనుమ దాటేటప్పుడు విమానం ఊగి, వెనక కట్టు ఒకటి సడలింది. తాడు నిజంగానే తల ఎత్తబోయింది. నేను ఎగిరి దాని మీద కూర్చుని, మూటల మీద నెలల తరబడి ఆయన నాతో వేయించిన బండి ముడి వేసి, కాలితో తన్ని బిగించాను. "ఏమైంది?" అని జోసెఫ్ అరిచాడు. "ఏం లేదు, ముందు చూసి నడుపు!" అని నేనూ అరిచాను, కంగారులో తెలుగులో. అతనికి అర్థమైనట్టే ఉంది.

లోయలో ఊరు ఊరంతా వచ్చింది. చుట్టు వెనక చుట్టు నేను వదులుతుంటే ఒక్కొక్క మనిషి భుజానికెత్తుకుని నడిచాడు. చివరి చుట్టు దిగేసరికి మొదటి మనిషి నది దగ్గర చిన్న చుక్కలా కనిపిస్తున్నాడు. ఎక్కడా మెలిక లేదు. తాడు చివర భుజాన వేసుకున్న ముసలామె నన్ను కూడా లాక్కుపోయి చిలగడదుంపలు పెట్టింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మామ పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. "మెలిక?" అన్నాడు. "లేదు మామా." "ఎక్కు కాటా." ఎక్కాను. "ఒగ కిలో ఎచ్చు తెచ్చినావే! గెడ్డలు బాగా తిన్నట్టుండావు" అని నవ్వాడు. పొద్దున్నుంచీ ఆయన నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని, ప్రతి చిన్న శబ్దానికీ ఆకాశంలోకి చూశాడని షెడ్డులో వాళ్ళు తర్వాత చెప్పారు. తాడు దిగిన పదకొండో రోజున వానలు మొదలయ్యాయి. అప్పటికి వంతెన మీద పిల్లలు నడుస్తున్నారు.

మామ చివరి రోజులు విరుదునగరం పక్కన తన పల్లెలోనే హాయిగా గడిపి వెళ్ళిపోయాడు. నేను కోవిల్‌పట్టిలో ఒక చిన్న పార్సిలు ఆఫీసు పెట్టి చాలా ఏళ్ళు నడిపాను. రెండేళ్ళ కిందట పని నాలుగింతలైంది. ఏ కాగితమూ కదలడం లేదు. సహాయానికి పెట్టుకున్న సెల్వి చకచకా చేయగలదు, కానీ ప్రతిదానికీ నా సంతకం కోసం ఆగుతోంది. ఒక ఉదయం ఆఫీసంతా కలియజూశాను. ఎక్కువ బరువు ఎక్కడుందో తెలిసిపోయింది. లేచి నా కుర్చీ సెల్వి వైపు జరిపాను.

"మీరు లేకపోతే ఎట్లా జరుగుతాది అవ్వా?" అంది ఆ పిల్ల బెదిరిపోయి.

"తేలిగ్గా జరుగుతాది" అన్నాను.

అప్పుడప్పుడూ ఫోను చేస్తుంది. అడిగినంతకే జవాబు చెప్పి పెట్టేస్తాను. ఆఫీసు నడిపిన అన్నేళ్ళలో ఇంత కష్టమైన పని నేను చేయలేదు.