ఇమ్మానుయేలు గారు, గట్టి స్ప్రింగుల కారు

నిన్న కూరగాయలు కొనుక్కుని షాపు బయటికి వస్తుంటే పార్కింగ్‌లో ఒక పాత స్పోర్ట్స్ కారు నా ముందు నుంచి వెళ్ళింది. ఎర్ర రంగు, నేలకు ఆనుకుపోయిన ఒళ్ళు. స్పీడ్ బంప్ ఎక్కి దిగగానే పైకప్పు కిర్రుమంది, కింద ఎక్కడో ధడేల్‌మంది. నడుపుతున్న ముసలాయన మాత్రం మోచెయ్యి కిటికీ బయట పెట్టుకుని మహారాజులా నవ్వుకుంటున్నాడు. ఒకప్పుడు మా గుంపు పనిచేసిన కారే అది. సంచులు వెనక సీట్లో పడేసి, తాళంచెవి తిప్పబుద్ధి కాక చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎనభైల మొదట్లో, చదువు ముగించుకుని డెట్రాయిట్ పక్కన ఒక కార్ల కంపెనీలో చేరాను. మా గుంపుకు పెద్ద ఇమ్మానుయేలు గారు. బందరు మనిషి. మాసినా నలగని తెల్ల చొక్కా, నెమ్మదైన మాట. ఆదివారాలు వాళ్ళింటి బేస్‌మెంట్‌లోనే తెలుగు ప్రార్థన జరిగేది. నేను గుడికెళ్ళే పిల్లనే అయినా, ప్రార్థన అయ్యాక వాళ్ళావిడ గ్రేసమ్మ గారు వడ్డించే కోడికూర కోసం తప్పకుండా హాజరయ్యేదాన్ని. మా పని కారు నడక చూడటం. రోడ్డు మీద అది మనిషిని ఎలా మోస్తుందో, స్ప్రింగులు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా ఉండాలో తేల్చడం.

మొదటి వారమే ఆయన నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, నున్నటి టెస్ట్ ట్రాక్ వదిలేసి ఊళ్ళోకి డ్రైవ్ చేశారు. మంచు కరిగాక మిషిగన్ రోడ్లు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

"కళ్ళు మూసుకో అమ్మాయ్. ఏం తగిలిందో చెప్పు."

"జెర్క్ అండీ."

"జెర్క్ అంటే నాకేం తెలుస్తుంది? కుదుపా, అదురా, ఊపా?"

నడుముకు తగిలితే కుదుపు, అరచేతుల్లోకి వస్తే అదురు, కడుపులో తిప్పితే ఊపు. మేమిద్దరం కారులో తెలుగులో తేల్చుకుని, ఆఫీస్‌కి వచ్చాక ఇంగ్లీషులో చెప్పేవాళ్ళం. మా గుంపులో మిగతావాళ్ళంతా మీటర్లు పట్టుకుని తిరుగుతూ, మేం ఇలా గతుకులు వెతుక్కుంటూ తిరగడం చూసి నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. మనిషి ఒంటికి ఏం తెలుస్తుందో అడిగే అలవాటు నాకు అబ్బింది అక్కడే.

ఆ రోజుల్లోనే కంపెనీ తన పేరుమోసిన స్పోర్ట్స్ కారును చక్రాల నుంచి పైకప్పు దాకా మార్చేసింది. అమ్మకానికి పెట్టే ముందు ఒక హాల్లో నిలబెట్టి మామూలు జనాన్ని పిలిచారు. అబ్బో, ఎన్ని మాటలు! ఒక కుర్రాడు దాని మీద వేసిన చెయ్యి తియ్యలేదు. ఒక పెద్దాయన పాత కారు వంపులు గుర్తుచేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, "దీన్ని సబ్బుబిళ్ళ చేసిపెట్టారు" అని తిట్టిపోశాడు. ఆయన భార్య లోపల కూర్చుని, దిగడానికి ముగ్గురి చేతులు పట్టుకుంది. అంకెలు వెలిగే డాష్‌బోర్డు చూసి మా ప్రార్థనకొచ్చే పిల్లలైతే "అంకుల్, ఇట్స్ ఎ స్పేస్‌షిప్!" అని గంతులేశారు. మురిసిపోయినవాళ్ళు ఎందరో, మూతి విరిచినవాళ్ళూ అందరే.

ఇమ్మానుయేలు గారి బెంగ మాత్రం స్ప్రింగుల మీదే. మరీ గట్టిగా ఉన్నాయని, కాస్త మెత్తటివి పెడదామని పైఅధికారికి ఒకటికి రెండుసార్లు చెప్పారు. మేమంతా చీఫ్ అని పిలిచే ఆ మనిషి ఆయన భుజం తట్టి, "మలుపులో దీన్ని మించిన కారు ఉండకూడదు. ఇలాగే పోనీ, అడిగితే నేను చెప్పుకుంటాను" అన్నాడు. ఆయన నమ్మారు. పెద్దవాడు ఒక మాట అన్నాక దాని మీద మళ్ళీ సాక్ష్యాలేమిటనే మనిషి.

కారు బయటికి వచ్చింది. పత్రికలవాళ్ళు మలుపుల్లో దాని పట్టును ఆకాశానికెత్తి, అదే నోటితో నడుము విరిగిందని రాశారు. కొన్నవాళ్ళలో సగం మంది నెత్తిన పెట్టుకున్నారు, సగం మంది డీలర్ల మీద విరుచుకుపడ్డారు. పైనుంచి పెద్దలు దిగి మీటింగ్ పెట్టారు. చీఫ్‌ను, ఇమ్మానుయేలు గారిని పిలిచారు, మమ్మల్ని పిలవలేదు. సాయంత్రం ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఈ స్ప్రింగులు ఎవరు ఖాయం చేశారని అడిగారమ్మా. చీఫ్ నేల చూపులు చూస్తున్నాడు. నలుగురిలో ఆయన వైపు వేలెట్టి ఎలా చూపిస్తాను? తప్పు నాదేనండీ అన్నాను."

"అదేంటండీ! మీరెందుకలా అన్నారు?"

"ఎవరో ఒకరు కాదంటారనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. మనలో పెద్దమనిషి తప్పు తన మీద వేసుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? "అయ్యో, మీదేం లేదండీ" అని ఎవరో ఒకరు అందుకోరూ? ఆ మాట అందుకోవలసినవాడు ఆ గదిలో ఉండి కూడా నోరు విప్పలేదు. మిగతావాళ్ళకు అలా అందుకోవాలనే తెలియదు. ఒప్పుకున్నాడు కదా, గొడవ వదిలిందనుకుని లేచిపోయారు.

ఆయన్ను మా గుంపులోంచి తీసేసి, వైపర్ల మీద వచ్చే ఫిర్యాదులు చూసే మూలకు పంపారు. తర్వాత జరిగిన లే ఆఫ్‌లో ఉద్యోగమే పోయింది. మరుసటి మోడల్‌కు మెత్తటి స్ప్రింగులు వేశారు. ఆయన వేద్దామన్నవే. పత్రికలు మెచ్చుకున్నాయి, చీఫ్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆ సంగతి నేనే ఇమ్మానుయేలు గారింటికి వెళ్ళి చెప్పాను. ఎందుకు చెప్పానో, చెప్తే ఏదో ఊరట అనుకున్నాను కాబోలు. ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"అది మీ తప్పు కానే కాదండీ" అన్నాను.

చెయ్యి ఆపకుండానే అన్నారు, "ఇక్కడంటే ఏం లాభమమ్మా? ఆ మాట అక్కడ కావాలి."

గ్రేసమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు. నేను కూర్చుని నాలుగు కాయలు వలిచి వచ్చేశాను. ఆయన మళ్ళీ కార్ల పనికి వెళ్ళలేదు. కొన్నాళ్ళకు ప్రార్థన కూడా వేరేవాళ్ళింటికి మారింది. ఇంట్లో నలుగురు చేరినప్పుడు ఆయన గదిలోంచి బయటికి వచ్చేవారు కారని గ్రేసమ్మ గారే చెప్పారు. ఆయన పోయినప్పుడు మా ఆఫీస్‌ నుంచి వెళ్ళింది నేనొక్కదాన్నే.

తర్వాత నేను కూడా ఒక గుంపుకు పెద్దనయ్యాను. మీటింగుల్లో ఎవరైనా "తప్పు నాదే" అనగానే, వాళ్ళ మాట పూర్తి కాకుండానే "కాదు" అనేదాన్ని. ఇప్పటికీ, ఇంట్లో, బజార్లో, ఎవరన్నా సరే, నా నోట ముందు వచ్చేది ఆ మాటే. ఒక్కోసారి తప్పు నిజంగా వాళ్ళదే. అయినా అంటాను. వాళ్ళు ఊపిరి పీల్చుకుని నా వంక చూస్తారు. ఆ చూపును నేను చూడాలనుకున్నది మాత్రం ఒక్క ముఖంలోనే, ఆ ముఖం మట్టిలో ఉంది.