మామ తీసిన ఒక్క సినిమా, నేను రాసిన ఒక్క పేజీ

మా మేనమామ పోయారని తిరుత్తణి నుంచి తంతి వచ్చింది. మద్రాసులో పత్రికాఫీసు బల్ల మీద దాన్ని విప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. ఆయన తీసిన ఒకే ఒక సినిమా మీద నేను రాసిన పేజీ.

ఆ సినిమా మీలో చూసినవాళ్లు తక్కువే. మామ మగ్గం నేసుకునే మనిషి. అరువు కెమెరాతో, మా వీధి వాళ్లనే పెట్టి రెండేళ్లు తీశారు. నటించేవాళ్లకు ఆయన చెప్పేది ఒకటే: "చేతులు సూపించండప్పా. ముకమైతే అబద్ధమాడతాది." తిరువళ్ళూరు టాకీసులో ఉదయం ఆట వేసిన రోజు తెర వంక చూడనే లేదు. గోడకానుకుని జనాన్ని చూస్తూ నిలబడ్డారు.

గొడవంతా ఒక్క ఘట్టం మీద. ముందు గదిలో శవం ఉండగా లోపల మగ్గం ఆడుతుంటుంది. మావాళ్లలో వీధిలో ఎవరు పోయినా సరే, శవం లేచేదాకా అందరూ మగ్గాలు ఆపేస్తారు. ఒక తమిళ పత్రిక ధైర్యమైన సినిమా అంది. ఇంగ్లీషు పేపరు నత్తనడక అని నాలుగు ముక్కల్లో తేల్చేసింది. మా పెద్దలు తమను బజారుకీడ్చాడన్నారు. తెలుగులో రాసింది నేనొక్కణ్ణే. మగ్గమున్న ఇంట పుట్టినవాడు తీయకూడని అబద్ధమిది అని రాశాను.

అది అబద్ధం కాదని నాకు తెలుసు. మా అమ్మమ్మ పోయిన రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మర్నాటి ముహూర్తానికి అందాల్సిన పెళ్లిచీర ఇంకా మూరెడు మిగిలి ఉంది. తాత తలుపు దగ్గరగా వేసుకుని, ఏడుస్తూ దాన్ని నేసి ముగించాడు. మైల చీరని తెలిస్తే ఎవరూ కట్టరు. ఈ సంగతి గడప దాటకూడదని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ పేజీతో తాత పరువు కాపాడాననుకున్నాను. పెద్దలు దాన్ని సభలో చదివించి, "సొంత మేనల్లుడే రాసినాడు గదా, ఇంగేం సాక్షి కావల్ల?" అన్నారట. రెండో ఆట పడలేదు. మామ మళ్ళీ కెమెరా పట్టలేదు.

తర్వాత కలిసినప్పుడు ఆయన నేత ఆపి నావైపు తిరిగారు. "బాగా రాసినావు అల్లుడూ. సినిమా సూసి రాసినావా, మీయమ్మ ముకం సూసి రాసినావా?"

కోపంతో కాదు, నిజంగానే అడిగారు. నేను కాఫీ తాగుతూ మాట మార్చేశాను. ఆపైన ఎప్పుడు వెళ్ళినా మద్రాసులో ఏం సినిమాలు వచ్చాయని అడిగేవారే తప్ప తన సినిమా ఊసెత్తలేదు. అమ్మ ఉన్నంతకాలం నిజం రాయడం కుదరదనుకున్నాను. అమ్మ పోయాక అడ్డమేమీ లేదు, నా పిరికితనం తప్ప. ఇప్పుడు రాస్తున్నాను. చదవాల్సిన మనిషి లేడు.

నేను తిరుత్తణి చేరేసరికి మధ్యాహ్నమైంది. వీధిలో దాదాపు మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి, సినిమాను ఆపించినవాళ్ల ఇళ్లలో కూడా. చివరింటికి కబురు అందలేదేమో, అక్కడొకటి ఇంకా ఆడుతోంది. ఒక పెద్దాయన దాన్ని ఆపించడానికి లేచాడు. మామ తల దగ్గర కూర్చున్న అత్త కళ్లెత్తకుండానే అంది: "ఉండనీ అన్నా. నేసుకోనీ."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నేను మామ ముఖం చూడలేక, బొటనవేళ్లు కలిపి కట్టిన ఆ చేతుల్నే చూస్తూ, మగ్గం చప్పుడు వింటూ ఉండిపోయాను.