మూడడుగుల సందు

ఇప్పటికీ ఎవరైనా "రూలు రూలే కదండీ" అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ రూలు ఎవరి ఇంటిని కొలిచి రాశారో ముందు అది అడగండి.

అరవైల మొదట్లో జగ్గయ్యపేటలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. బడి బజారు దగ్గర, మా ఇల్లు ఊరి చివర పేటలో. బడి దగ్గర్లో అద్దెకి గది చూసుకుందామని అమ్మా నేనూ తిరిగాం. ప్రతి గడపలోనూ "మీరేమిటోళ్ళమ్మా?" అనడం, కిరస్తానీలమనగానే గది నిన్ననే ఇచ్చేశామనడం. ఊళ్ళో గదులన్నీ నిన్ననే ఎలా నిండిపోయాయో ఆ ఇళ్ళవాళ్ళకే తెలియాలి. సరే, మన జాగాలోనే తాటాకు తీసేసి పెంకులేసుకుందామనుకున్నాం. వానొస్తే అమ్మ మంచాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి లాక్కుంటూ ఉండేది. ఆవిడకో కారని గది కావాలి, అంతే.

మా పేటలో ఇల్లు కట్టుకునే పద్ధతి వేరు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. పక్కిల్లు బండి తోలే మామది. ఆయన సాయిబు, మేం కిరస్తానీలం, గోడ ఇద్దరిదీ. క్వారీలో పనికిరావని పారేసిన రాతిముక్కలు మామ తన ఎద్దుబండి మీద తోలాడు. మా నాన్న, పోయే ముందు ఏడాది, మట్టి తొక్కి గోడ పెట్టాడు. మా దూలం ఇటు నుంచి, మామ దూలం అటు నుంచి దాని మీదే ఆనుతాయి. వరసంతా అంతే. ఎవరూ ఏ ఆఫీసునీ అడిగిన పాపాన పోలేదు.

అడిగింది నేను. చదువుకున్నదాన్ని కదా, గవర్నమెంటు జీతం తింటున్నదాన్ని కదా, పద్ధతిగా ఉండాలని ప్లాను గీయించి పంచాయతీ ఆఫీసులో అర్జీ పెట్టా. కొరివితో తల గోక్కున్నా.

నందిగామ నుంచి ఓవర్సీరు టేపు పట్టుకుని వచ్చాడు. గాలీ వెలుతురూ రావడానికి ఇంటికి రెండు పక్కలా మూడేసి అడుగుల సందు వదలాలట. మా జాగా వెడల్పు పద్నాలుగు అడుగులు. సందులు పోగా ఎనిమిది, రాతిగోడల మందం పోగా ఐదు. అమ్మ మంచం అడ్డంగా పట్టదు. ఆ మాటే అంటే, నిలువుగా వేసుకోమన్నాడు మహానుభావుడు. అంతటితో పోయినా బాగుండేది. టేపు చేతిలో ఉంది గదాని వరసంతా కొలిచాడు.

పది రోజులకి ఇంటింటికీ నోటీసులొచ్చాయి. మామకి తెలుగు చదవడం రాదు. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, కాస్త చదివి పెట్టమ్మా అని. ఆయన ఇంటికి అటూ ఇటూ గోడలు తీసెయ్యాలని రాసుంది. నా అర్జీ తెచ్చిన తంటా నా నోటితోనే చదివి వినిపించా. మామ గోడవైపు చూశాడు.

"నువ్వు కట్టుకో తల్లీ. నా దూలం కింద గుంజ పెట్టుకుంటాలే," అన్నాడు.

నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పంచాయతీ మీటింగుకి పోయా. బజార్లో షావుకార్ల ఇళ్ళు భుజాలు రాసుకుంటూ ఉన్నాయి, వాటి మధ్య చీమ దూరే సందైనా ఉందా అని అడిగా. అవి పాతవన్నారు. మావీ పాతవే అన్నా. కాగితాలు చూపించమన్నారు. మట్టి తొక్కి పెట్టుకున్న గోడకి కాగితం ఎవడిస్తాడు? ఇరుగూ పొరుగూ ఒప్పుకుంటే ఒకటే గోడ ఉండొచ్చని రూలు మార్చండి, రెండు సెంట్ల వాళ్ళం కూడా మనుషులమే అన్నా. రూలు మార్చాలంటే పైనుంచి రావాలట. పెద్ద పెద్ద దొడ్లున్న వాళ్ళెవరో తమ దొడ్డి చూసుకుని రాసుకున్న రూలది. దాన్ని మా నెత్తిన రుద్దడానికి మాత్రం పైవాళ్ళు అక్కర్లేదు. టీచరమ్మకి బడిలో పిల్లల మీద అరిచింది చాలినట్టు లేదని ఒకాయన అంటే అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు భగ్గుమంది. ఇవాళ్టికీ ఆ నవ్వు తల్చుకుంటే మండుతుంది.

బయటికొస్తుంటే గుమాస్తా వెనకే వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఫైలు తెరిచింది నా అర్జీ మీద. అర్జీ వెనక్కి తీసుకుంటే ఫైలు మూసేస్తారు, నోటీసులు సొరుగులో పడుంటాయి, వరస జోలికి ఎవరూ రారు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పా. ఇన్నేళ్ళూ కారింది, ఇంకొన్నాళ్ళు కారనీలే అంది. మామ ఇంటికి మాత్రం గుంజ పెట్టనివ్వద్దంది.

మళ్ళీ ఆఫీసుకి పోయా. కారణం రాయకపోతే అర్జీ రద్దు కాదట. ఎవరూ ఆపినట్టు ఉండకూడదట, నా అంతట నేనే మానుకున్నట్టు ఉండాలట. గుమాస్తా చెబుతున్నాడు, నేను రాస్తున్నా. బడిలో పిల్లలకి నల్లబల్ల మీద చూపించే గుండ్రటి దస్తూరీతో, "నాకు ఇల్లు అవసరం లేదు" అని రాసి, కింద సంతకం పెట్టా.