ఫుమియే తూకం

తోక మీద రెక్కలున్న మేక బొమ్మ ఉండడంతో, మియాకో దీవికీ తారమ దీవికీ మధ్య తిరిగే షిమాకాజే కంపెనీ వాళ్ల చిన్న విమానాన్ని అందరూ మేక అనే అంటారు. "మేక దిగిందా?" అని ఫోన్లో అడుగుతారు. "ఇవాళ మేక ఎగరదట" అని నిట్టూరుస్తారు. కంపెనీ పెట్టుకున్న పేరు టికెట్టు మీద తప్ప ఎక్కడా వినపడదు.

మియాకో విమానాశ్రయంలో ఆ మేక కౌంటరు హనేజి ఫుమియేది. తారమలో పుట్టి, మియాకోలో కాపురం పెట్టి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. విమానంలో తొమ్మిదిమందికే చోటు. ప్రతి మనిషీ సంచితో సహా కాటా ఎక్కాలి. ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు వెనక కూర్చోవాలో ఆ బరువు చూసి ఫుమియే నిర్ణయిస్తుంది. కాటా ముఖం ఆమె వైపే తిరిగి ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కరి బరువూ ఆమె నోటివెంట రాలేదు. అందుకే తారమ ఆడవాళ్లు ఏ బెరుకూ లేకుండా కాటా ఎక్కుతారు.

బెరుకు లేదు గానీ, తెలివి మాత్రం ఎక్కువ. సంచిలో ఉన్నది సామాను, ఒంటిమీద ఉన్నది ఒళ్లు అని వాళ్ల నమ్మకం. ఎనిమిదో నెల నాట్యాల పండగకి ఊరెళ్లేటప్పుడు సంచీ చిన్నదే ఉంటుంది, మనిషే లావవుతుంది. కాటాకి రెండూ ఒకటేనని ఫుమియే చాలాసార్లు చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ ఏడు పండగ ముందురోజు ఎదురుగాలి మొదలైంది. ఇంధనం ఎక్కువ పోయించుకోవాలని, ఆ మేరకు బరువు తగ్గించమని పైలట్ కబురు పంపాడు. ఎనిమిదిమంది అప్పటికే కాటా దిగి బల్లల మీద కూర్చున్నారు. తొమ్మిదో మనిషి రొప్పుతూ వచ్చింది. ఆమె ఫుమియే తల్లి, త్సురు.

"ఇంత ఆలస్యమేంటమ్మా?"

"చేపల వడలు వేడిగా ఇస్తానంది కొట్లో పిల్ల. వదిలేసి రమ్మంటావా?"

త్సురు కాటా ఎక్కింది. ముల్లు చూసి ఫుమియే లెక్క మళ్లీ వేసింది. ఒక మేకపిల్లంత బరువు ఎక్కువైంది. బరువు ఎక్కువైతే ఆఖరున వచ్చినవాళ్లు ఆగిపోవాలి. కంపెనీ పెట్టిన నియమం అది. తారమ వాళ్లు ఏనాడూ దాన్ని కాదనలేదు.

త్సురు కంటి ఆపరేషన్ కోసం వచ్చి నెల రోజులుగా కూతురింట్లోనే ఉంది. తారమలో ఉన్న కొడుకు బిడ్డ, మనవడు తొమోహిరో తొలిసారి ఆడవేషం కట్టి రేపు పొద్దున్నే నాట్యం చేస్తాడు. పడవెక్కితే ఆమెకి వాంతులు ఆగవు. కంటికి ఆ ఒత్తిడి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పండగ అయ్యేదాకా మేకలో ఇంకో సీటు ఖాళీ లేదు.

"అమ్మా, నువ్వు ఆగాలి," అంది ఫుమియే.

"తెలుసులే. నీ ముఖం చూస్తేనే తెలిసింది. తల్లినని నన్ను ఎక్కనిస్తే రేపు నిన్నెవరు నమ్ముతారు?" త్సురు వడల పొట్లం ఒళ్లో పెట్టుకుని కూలబడింది. కొత్త కంటికి పెట్టిన నల్లద్దాలు తియ్యలేదు.

బల్ల మీదున్న మెగ్గ అవ్వ ఆమెని చూసింది, తర్వాత ఫుమియేని చూసింది.

"ఏమే ఫుమియే, ఎంత ఎక్కువైందేంటి?"

"అది చెప్పనని తెలుసు కదవ్వా."

"చెప్పకు. చాలినప్పుడు చాలు అని మాత్రం చెప్పు." అవ్వ లేచి చొక్కా గుండీలు విప్పింది. లోపల ఇంకో చొక్కా ఉంది. రెండు చొక్కాల మధ్య నుంచి పంది మాంసం డబ్బాలు ఒక్కొక్కటే కౌంటరు మీదికొచ్చాయి.

"ఓరి దేవుడా! నేను నిజంగానే ఒళ్లు చేశావనుకున్నాను మెగ్గా!" అంది త్సురు.

"నీ నడుముకేం కట్టావో కూడా తియ్యి, మహాతల్లీ!"

త్సురు నడుముకున్న గుడ్డ విప్పింది. ఎండు సముద్రపు నాచు కట్టలు, సేమ్యా పొట్లాలు, ఒక చిన్న నూనె డబ్బా. అందరూ గొల్లుమన్నారు. ఫుమియే తలూపలేదు.

"ఇంకా."

చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే కాత్సు నేల చూపులు చూస్తున్నాడు.

"ఏరా కాత్సూ, ఆ కోటు విప్పితే చలేస్తుందా ఈ ఎండలో?" అంది మెగ్గ అవ్వ.

"పెద్దాళ్ల పూజకి అవ్వా ఇవి..." అంటూ కోటు లోపల్నుంచి ఆవామొరి సారా సీసాలు తీశాడు.

"పెద్దాళ్లకా, నీకా?"

"పెద్దాళ్లు తాగాక నాకు."

మిగతావాళ్లూ విప్పారు. కౌంటరు నిండిపోయింది. అందరినీ మళ్లీ కాటా ఎక్కించి, లెక్క రెండుసార్లు చూసుకుని, ఆఖరికి ఫుమియే అంది:

"చాలు. అమ్మా, పైలట్ వెనక సీటు నీది."

మేక ఎదురుగాలిలో ఒకసారి ఊగి, సర్దుకుని, పడమటికి పోయింది.

మేనేజరు సునకావా వచ్చి ఆ కుప్పని చూసి నోరు వెళ్లబెట్టాడు. "రేపటి పడవలో పంపేద్దాం. కానీ ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు."

"అయితే నువ్వే తీసుకెళ్లు. కౌంటరు నేను చూసుకుంటాను."

"మీరు బరువులు పైకి చదివేస్తారండీ."

"నోరు కుట్టేసుకుంటానమ్మా, వెళ్లు."

మరునాడు పడవ దిగి, సామానంతా ఇళ్లకి చేర్చి ఫుమియే నాట్యాల చోటుకి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. త్సురు ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. కూతుర్ని చూసి పక్కకి జరిగింది.

"ఇంత ఆలస్యమేంటే? మనవాడి ఆట అయిపోయింది."

"ఎలా చేశాడమ్మా?"

"విసనకర్ర తిప్పేటప్పుడు ఎడమకాలు తప్పేశాడు, వెధవ," అంది త్సురు సంబరంగా. "ఇంకెవరూ చూడలేదు. నేను చూశాను."