నలభై రోజుల పిండి

యాప్రాల్‌లో మా పక్కింటావిడ శనివారం పొద్దున్నే గోడమూలన బియ్యప్పిండిలో చక్కెర కలిపి చీమలకు చల్లుతుంది. ఆ పచ్చిపిండి వాసన రాగానే నేను కిటికీ మూసేస్తాను. ఆవిడ మంచిదే. ఆ వాసనే నాకు పడదు.

అమ్మానాయినలు సూరారంలో ఫ్యాక్టరీ పనికి పోతూ నన్ను షామీర్‌పేటలో పెద్దమ్మ ఇంట్లో దింపిన ఏటి సంగతి ఇది. ఒంటిపూట బడులు, ఎండకు కాలే బండలు, వాకిట్లో మామిడి ఒరుగులు, పెద్దమ్మ అత్త అయిన మా అవ్వ కలిపే జొన్న అంబలి పుల్లవాసన. నా పళ్లెంలో గరిటె అంచుకు సమంగా గీసి మరీ జొన్న గట్క పెట్టే పెద్దమ్మ, పంతులు చెప్పాడని నలభై రోజులు ఎర్రచీమలకు దోసిటితో పిండి పోసింది. మొదట్లో పొద్దున పోసింది సాయంత్రం దాకా ఉండేది. తర్వాత మధ్యాహ్నానికే మాయమయ్యేది. చివరికి ఆమె చెయ్యి కడుక్కునేలోపే నేల నున్నగా అయ్యేది. గోడమూలన ఒక్క చీమల బొక్క ఏడు బొక్కలైంది.

ఆ గోడ పక్కనే గంపలో నా కోడి పదకొండు గుడ్లు పొదుగుతోంది. అవ్వ నాకిచ్చిన కోడి. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే. గంపను అరుగు మీద పెడతానంటే “పెంట జేస్తది, ఆడనే ఉండనియ్యి” అంది పెద్దమ్మ.

నలభయ్యో రోజు ఆమె పిండి డబ్బా మూసేసింది. అవ్వ ఊరుకోలేదు.

“ఓ పిల్లా, గిన్ని దినాలు మేపి మంద జేసినవ్. రేపు గవి ఏం తినాలె? జర్రజర్ర తగ్గియ్యి.”

“మొక్కు దీరింది గదత్తా. ఇగ సచ్చేదాక చీమలకు జీతమియ్యల్నా?”

మూడో రోజు గుడ్లు చిట్లాయి. నేను బడి నుంచి వచ్చేసరికి ప్రతి చీలికలోకీ ఎర్రటి బారు. ఒక పిల్ల ముక్కు మాత్రం బయట పెట్టి ఇంకా కదులుతోంది, కళ్ల చోట చీమలున్నాయి. కోడి కాళ్లు మార్చిమార్చి ఎత్తుతూ, తనను కుడుతున్నా గంప దిగలేదు.

“నువ్వు దినాం గుడ్లకెల్లి గట్ల సూస్తివి, నజర్ గొట్టింది” అంది పెద్దమ్మ.

మర్నాడు కాగే నీళ్లు కడవెడు తెచ్చి ఏడు బొక్కల్లోనూ పోశాను. చీమలు తమ తెల్లటి గుడ్లతో సహా పైకి తేలాయి. తన పుణ్యం పాడు చేశానని పెద్దమ్మ చీపురు తిరగేసి కొట్టింది. కొట్టినందుకు కాదు, నా కళ్ల దిష్టి, నజర్ అన్నందుకే నాకింకా కోపం.

ఇప్పుడా వాకిలి లేదు, ఆ మట్టి లేదు. సిమెంటు ఇటుకల కింద చీమకు కూడా సందు లేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పోయినేడు మేడ్చల్‌లో ఒక పెళ్లి విందులో పెద్దమ్మ పక్కన కూర్చుని, నా కోడి యాదికుందా అని అడిగాను.

“ఏం కోడి బిడ్డా? ఇంకో ముక్క ఎయ్యమందునా?”

బంతిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, నా విస్తట్లో తనే ఒక ముక్క వేసింది.